ఒక ప్యాకేజీ అడిగితే పది ఎందుకు వస్తాయి?

ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అభివృద్ధిలో పనిచేసే ఇంజనీరు. 2024 మార్చిలో డెబియన్ లినక్స్ మీద వేగం కొలిచే పరీక్షలు చేస్తుండగా ఆయనకు ఒక చిన్న తేడా కనిపించింది. దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం ఒక లాగిన్ ప్రయత్నానికి అంతకుముందు 0.3 సెకన్లు తీసుకునేది, ఇప్పుడు 0.8 సెకన్లు తీసుకుంటోంది. అర సెకను ఆలస్యాన్ని చాలామంది పట్టించుకోరు. ఆయన మాత్రం దాని వెంట పడ్డారు. కారణం ఎస్‌ఎస్‌హెచ్‌లో లేదు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిన దొంగదారి అది. మార్చి 29న ఆయన దాన్ని బయటపెట్టారు. భద్రతా లోపాల తీవ్రతను కొలిచే స్కేలు మీద దానికి 10కి 10 పడింది.

ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్‌కూ లాగిన్‌కూ ఏమిటి సంబంధం? నిజానికి ఏమీ లేదు. రెండింటినీ కలిపింది ఎవరూ పెద్దగా ఆలోచించని ఒక డిపెండెన్సీ.

లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి యునిక్స్ తరహా వ్యవస్థల్లో ప్రతి ప్రోగ్రాం తనకు కావలసినవన్నీ తనలోనే మోసుకు తిరగదు. బొమ్మలు చూపించడం, అక్షరాలు గీయడం, ఫైళ్లను కుదించడం వంటి పనులకు ఉమ్మడి లైబ్రరీలు ఉంటాయి. ఒకే లైబ్రరీని వంద ప్రోగ్రాములు వాడుకుంటాయి. దానివల్ల డిస్కులో చోటు మిగులుతుంది, లోపాన్ని ఒక్కచోట సరిచేస్తే అన్నిటికీ సరిపోతుంది. 2023లో విడుదలైన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఏది దేని మీద ఆధారపడుతుందో ప్రతి ప్యాకేజీలోనూ రాసి ఉంటుంది. సీ-డాక్ రూపొందించిన మన బాస్ లినక్స్‌కు కూడా డెబియనే పునాది కాబట్టి ఇక్కడ చెప్పేది దానికీ వర్తిస్తుంది.

డెబియన్ ఈ సంబంధాల్లో తేడాలు చూపిస్తుంది. 'డిపెండ్స్' అంటే అది లేకపోతే ప్రోగ్రాం నడవదు. 'రికమెండ్స్' అంటే నడుస్తుంది, కానీ మామూలుగా తోడుండాలి. 'సజెస్ట్స్' అంటే ఉంటే మంచిదే. ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఆప్ట్ అనే సాధనం మొదటి రెండు రకాలనూ అడగకుండానే తెస్తుంది. చిన్న ప్రోగ్రాం ఒకటి అడిగితే దాని వెంట మెయిల్ సర్వరు కూడా దిగడం ఇందువల్లే. అక్కర్లేని బరువులో ఎక్కువ భాగం ఈ 'రికమెండ్స్' దారిలోనే వస్తుంది. 'నో ఇన్‌స్టాల్ రికమెండ్స్' అనే ఆప్షన్ ఇస్తే అది ఆగిపోతుంది. సర్వర్లు నడిపేవారికి ఇది మంచి అలవాటు. డెస్క్‌టాప్ మీద మాత్రం ప్రింటరో ధ్వనో పనిచేయకపోతే ఏది తగ్గిందో వెతుక్కోవలసి రావచ్చు.

వచ్చినవాటిని పంపించడం ఎలా? పెళ్లికి పిలిచిన చుట్టాల జాబితా లాంటిది ఆప్ట్ దగ్గర ఒకటి ఉంటుంది. వాడుకరి పేరు పెట్టి అడిగిన ప్యాకేజీకి 'మాన్యువల్' అనీ, దాని వెంట వచ్చినవాటికి 'ఆటో' అనీ గుర్తు వేస్తుంది. పిలిచినవారు వెళ్లిపోయాక, వారితో వచ్చి ఇంకెవరికీ అవసరం లేనివారు మిగులుతారు. 'ఆటోరిమూవ్' ఆదేశం మాన్యువల్ గుర్తున్నవాటి నుంచి మొదలుపెట్టి, డిపెండెన్సీల వెంట నడుస్తూ చేరగలిగినవన్నీ ఉంచుతుంది, చేరలేని ఆటో ప్యాకేజీలను తీసేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలోనూ ఇదే పేరుతో ఇదే పని చేసే ఆదేశం ఉంది.

ఇక్కడే ఒక చిక్కు. ఆ గుర్తుకు వాడుకరి మనసు తెలియదు. వేరే ప్యాకేజీ వెంట వచ్చిన ఎడిటర్‌ను రోజూ వాడుతున్నా దాని గుర్తు ఆటోగానే ఉంటుంది. కాబట్టి ఆటోరిమూవ్‌కు ముందు జాబితా చదవాలి. కావలసినదానికి 'ఆప్ట్ మార్క్ మాన్యువల్' అని గుర్తు మార్చాలి. 'సిమ్యులేట్' ఆప్షన్ ఇస్తే ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపిస్తుంది. ఒక ప్యాకేజీ ఎందుకు వచ్చిందో తెలియకపోతే 'ఆప్టిట్యూడ్ వై' అని అడగవచ్చు. ఏ గొలుసు దాన్ని లాక్కొచ్చిందో చెబుతుంది.

చదవకుండా 'అవును' అంటే ఏమవుతుందో 2021లో చాలామంది చూశారు. ఒక పేరున్న యూట్యూబ్ చానెల్ వ్యాఖ్యాత పాప్ ఓఎస్‌లో గేముల సాఫ్ట్‌వేర్ స్టీమ్‌ను పెట్టబోయారు. ఆ సమయంలో ప్యాకేజీల వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగలేదు. డెస్క్‌టాప్‌ను తీసేస్తే లెక్క కుదురుతుందని ఆప్ట్ తేల్చింది. ప్రమాదమని హెచ్చరించి, ఒప్పుకుంటున్నట్టు ఒక పూర్తి వాక్యం టైపు చేయమంది. ఆయన చేశారు. డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ రచయితలు అలాంటి తొలగింపును మరింత కష్టం చేశారు. తప్పు వాడుకరిదా, సాధనానిదా అన్న వాదన చాలాకాలం నడిచింది. అడిగింది పెట్టమని అయితే, జవాబు తీసేయడం కావడం ఎవరికైనా వింతగానే ఉంటుంది.

తొలగించడం సాధ్యం కానివి మరోరకం. ఎక్స్‌జెడ్ కథ అలాంటిదే. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసేది ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు. వారి కోడ్‌లో ఎక్స్‌జెడ్ ఊసే లేదు. కానీ డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు దానికి చిన్న మార్పు జోడించాయి. సర్వరు సిద్ధమైందన్న కబురును సిస్టమ్‌డీకి పంపడానికి. అందుకోసం సిస్టమ్‌డీ లైబ్రరీని కలిపారు. ఆ లైబ్రరీ కుదించిన లాగ్ ఫైళ్లను కూడా చదవగలదు కాబట్టి ఎక్స్‌జెడ్ వారి లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏను వెంట తెస్తుంది. ఒక్క వరుస కబురు కోసం, లాగిన్‌ను కాపలా కాసే ప్రోగ్రాంలోకి కుదింపు కోడ్ వచ్చి కూర్చుంది. దాడి చేసినవారు ఎంచుకున్నది ఆ దారినే. ఆర్చ్ లినక్స్‌లోనూ ఆ వెర్షన్లు వచ్చాయి, కానీ అక్కడి ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు సిస్టమ్‌డీ లైబ్రరీని కలుపుకోదు, కాబట్టి ఆ దారి లేదు.

ఇలాంటిదాన్ని ఏ ఆటోరిమూవ్ పట్టుకోదు. దాని లెక్కలో లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ నిజంగానే అవసరం. జాబితా చూడాలంటే 'ఎల్‌డీడీ' ఆదేశాన్ని ప్రోగ్రాం మీద నడపాలి. అది లోడ్ అయ్యే లైబ్రరీలన్నిటినీ వరుసగా చూపిస్తుంది. నమ్మకం లేని ఫైలు మీద మాత్రం నడపకూడదు, కొన్ని సందర్భాల్లో ఆ ఫైలే నడిచే ప్రమాదముంది. తగ్గించాలంటే కోడ్ నుంచి మళ్లీ నిర్మించాలి. జెంటూలో 'యూజ్' గుర్తులతో, ఫ్రీబీఎస్‌డీ పోర్టుల్లో ఆప్షన్లతో అక్కర్లేని అంశాన్ని మొదట్లోనే ఆపేయవచ్చు. మామూలు వాడుకరికి అది పెద్ద పని. కాబట్టి ఆ పని పంపిణీల నిర్వాహకుల మీదే పడుతుంది.

వారు చేశారు కూడా. సిద్ధమయ్యానన్న కబురు పంపడానికి లైబ్రరీ మొత్తం అక్కర్లేదు, ఒక యునిక్స్ సాకెట్‌లోకి చిన్న వాక్యం రాస్తే చాలు. డెబియన్ తన మార్పును అలా తిరగరాసింది. 2024 జులైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ కబురు పంపే కోడ్ ఏ లైబ్రరీ సాయమూ లేకుండా నేరుగా చేరింది. సిస్టమ్‌డీ కూడా కుదింపు లైబ్రరీలను అవసరమైన క్షణంలోనే తెరిచేలా మారింది.