కథ అర్థమవుతుంది, జవాబే రావట్లేదు

ప్రశ్న: పెళ్లితో చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టాను సార్. తెలుగులో కథ ముక్క ఇచ్చి ప్రశ్నలడిగితే జవాబు తోచడం లేదు. ఎట్లా చదవాలి?
– ఒక పాఠకురాలు, మహబూబాబాద్

జవాబు: అర్థమవుతున్నదంటే సగం పని అయినట్టేనమ్మా. మిగతాది సాధనతో వస్తుంది. ముందు ప్రశ్నలు చూసి, తర్వాత పేరా చదవండి. కొన్నింటికి జవాబు వాక్యంలోనే దొరుకుతుంది. చిక్కంతా పైకి చెప్పని మాటతోనే.

ఈ రెండు వాక్యాలు చూడండి: ‘కుండలో గరిటె అడుగు తాకింది. మల్లమ్మ కొడుకు కంచం నింపి, తనకు ఆకలి లేదంది.’ మల్లమ్మ ఎందుకట్లా అన్నది? ‘ఆకలి లేక’ అని రాస్తే తప్పు. గరిటె అడుగు తాకిందంటే అన్నం అయిపోయింది. ఉన్నది కొడుక్కి పెట్టింది. జవాబు రాసేటప్పుడు ఆ గరిటె మాట తప్పక రాయండి. అదే మీకు ఆధారం.

ఇక సాధనకు ఏం చదవాలంటారా? రచయిత దాశరథి రంగాచార్య 1928లో పుట్టిన చిన్నగూడూరు మీ జిల్లాలోదే. ఆయన నవల ‘చిల్లర దేవుళ్లు’ గ్రంథాలయంలో అడిగి తెచ్చుకోండి. నిజాం కాలపు పల్లె, దొరల పెత్తనం, మీకు తెలిసిన యాస అందులో ఉన్నాయి. రోజుకో పేజీ చదివి, పుస్తకం మూసి, ఎవరు ఏం చేశారో, ఎందుకు చేశారో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. గైడ్ల కంటే ఇదే మేలని నా నమ్మకం.

పద్యం వస్తే బెదరకండి. క్రియను పట్టుకుని ‘ఎవరు? దేన్ని?’ అని అడుగుతూ పోండి. జనగామ జిల్లా బమ్మెర పోతన పద్యాలతో మొదలుపెట్టండి, పైకి చదవండి.