తేలు కుట్టినప్పుడు గమనించవలసినవి

వేసవి ఉక్కకు, తొలకరి జల్లులకు తేళ్ళు కలుగులు విడిచి ఇళ్ళలోకి చేరుతాయి. తేలు కుట్టిందని నా వద్దకు వచ్చేవారు మొదట అడిగేది "నొప్పికి ఏమి రాయమంటారు?" అనే. నేను ముందుగా రోగి అరచేయి పట్టుకొని చూస్తాను. అది వెచ్చగా ఉందా, చెమటతో చల్లబడిందా అన్నదే ముఖ్యం.

సుశ్రుతుడు కల్పస్థానంలో తేళ్ళను విషబలాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించాడు. పెద్దదిగా, నల్లగా ఉండే మండ్రగబ్బ చూడటానికి భయంకరమే గాని, దాని విషం సాధారణంగా ప్రాణాంతకం కాదు. చిన్నదైన ఎర్రతేలు అత్యంత ప్రమాదకరం. దాని విషం నాడులను ఉద్రేకపరచి, రక్తనాళాలను బిగింపజేసి, గుండెపై భారం మోపుతుంది. ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. పసిపిల్లలకు ఈ అపాయం మరీ ఎక్కువ.

లక్షణాలు: కుట్టినచోట మాత్రమే మంట, పోటు ఉంటే సాధారణంగా భయం లేదు. ఒళ్ళంతా చెమట, వాంతులు, కాళ్ళుచేతులు చల్లబడటం, గుండెదడ, ఆయాసం విషం శరీరమంతా వ్యాపించిందనడానికి గుర్తులు. బిడ్డ ఏడుపు ఆపిందని ఊరట చెందకండి. నొప్పి తక్కువగా ఉన్నా ఈ లక్షణాలు రావచ్చు.

చేయవలసినవి: ఉంగరాలు, గాజులు తీసివేయాలి. సబ్బునీటితో కడిగి, మంచుముక్కను గుడ్డలో చుట్టి అద్దాలి. చింతగింజ అరగదీసి అంటించడం, ఉత్తరేణి ఆకు నూరి కట్టడం మన ఇళ్ళలో వాడుకే. వీటిని నమ్ముకొని కాలయాపన చేయరాదు. ఒంట్లోకి ఎక్కిన విషాన్ని ఇవి తీయలేవు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం బొత్తిగా కూడదు.

వైద్యం: మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల నుండి ప్రజోసిన్ అనే రక్తపోటు మందును ఎర్రతేలు విషానికి వాడి, మరణాలను ఎంతగానో తగ్గించారు. తేలు విషానికి విరుగుడు సూదిమందు కూడా ఉంది. ఇవి వైద్యుని పర్యవేక్షణలో ఇవ్వవలసినవి. కనుక పై లక్షణాలు కనిపించిన వెంటనే, పిల్లలనైతే లక్షణాలకై వేచి ఉండక, ఆసుపత్రికి చేర్చండి.

నివారణ: చెప్పులు దులిపి తొడగండి. మంచాన్ని గోడకు దూరంగా జరపండి. పడక దులిపి పరచండి. కట్టెలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించి పేర్చకండి. రాత్రివేళ దీపం లేకుండా పెరటిలోకి అడుగు పెట్టకండి.