కామ్లూప్స్ బడి నేర్పే పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటిది ఏదైనా రాయమని అడిగారు. మనలాగే ఇల్లు విడిచి, ట్రంకుపెట్టె పట్టుకొని బడికి వెళ్ళిన పిల్లల చరిత్ర ఒకటి చెబుతాను. ఆ బడి కెనడా దేశంలోనిది. అయినా నల్లగొండ, పాలమూరు హాస్టళ్ళలో చదివే మనం తెలుసుకోదగ్గ చరిత్ర అది.

బడి ఎందుకు పెట్టారు?

కెనడాలో తెల్లవారి కంటే ముందు నుంచీ ఉన్నవారు అక్కడి ఆదివాసులు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని కామ్లూప్స్ పట్టణం దగ్గర 1890లో ఆదివాసీ పిల్లల కోసం ఒక ఆశ్రమ పాఠశాల మొదలైంది. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది కాథలిక్ చర్చి. 1950 తర్వాతి కొన్నేళ్ళలో అక్కడ సుమారు 500 మంది పిల్లలుండేవారు. 1969లో ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. 1978లో బడి మూతపడింది.

ఇలాంటి బళ్ళు దేశమంతటా ఉండేవి. వాటిలో సుమారు 1,50,000 మంది పిల్లలు చదివారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి, వారి భాష నుంచి వేరు చేస్తేనే "నాగరికులు" అవుతారని పాలకులు నమ్మారు. 1920లో చట్టాన్ని మార్చి 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలను బడికి పంపడం తప్పనిసరి చేశారు. పంపని తల్లిదండ్రులకు జరిమానా, జైలు.

లోపల ఏం జరిగింది?

బడిలో అడుగు పెట్టగానే జుట్టు కత్తిరించేవారు. చాలా చోట్ల పేరుకు బదులు నంబరు పెట్టి పిలిచేవారు. ఇంటి భాష మాట్లాడితే దెబ్బలు. చాలా ఏళ్ళపాటు సగం పూట చదువు, సగం పూట పొలం పని, వంటపని, బట్టలుతకడం. తిండి చాలక, క్షయ సోకి ఎందరో చనిపోయారు.

ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆమె అనుభవం వినండి. 1973లో ఆమెకు ఆరేళ్ళు. బడికి వెళుతున్నదని అమ్మమ్మ నారింజ రంగు కొత్త చొక్కా కొనిచ్చింది. అదే రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ మిషన్ బడిలో మొదటి రోజే ఆ చొక్కా తీసేసుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు. ఆ జ్ఞాపకంతోనే నేడు కెనడాలో ప్రతి సెప్టెంబరు 30న ఎందరో నారింజ చొక్కాలు వేసుకుంటారు.

నిజం బయటికి వచ్చింది

2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2015లో సత్యశోధన కమిషన్ తన నివేదికలో 3,200 మంది పిల్లల మరణాలను నమోదు చేసి, జరిగినదాన్ని "సాంస్కృతిక జాతిహననం" అన్నది. 2022లో పోప్ ఫ్రాన్సిస్ కెనడా వెళ్ళి క్షమాపణ కోరాడు.

మన దగ్గర

చర్చి నడిపిన ప్రతి బడీ ఇలాంటిదే అనుకోకూడదు. 1890 నాటికి పాలమూరు, నల్లగొండలలో బాప్టిస్టు మిషన్ కేంద్రాలు వెలిశాయి. ఊరి బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ పిల్లలకు మిషన్ బళ్ళు తెలుగులోనే అక్షరాలు దిద్దించాయి. 1943లో ఆదిలాబాద్ అడవుల్లో, మార్లవాయిలో, హైమెండార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం గోండు యువకులను టీచర్లుగా తయారుచేసింది. మొదటి వాచకాలు గోండీ భాషలోనే రాయించారు. ఇంటి భాషను కొట్టి చంపకుండానే చదువు చెప్పవచ్చునని మార్లవాయి చూపించింది.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా తండా నుంచి ఒక తమ్ముడు మా హాస్టల్‌లో చేరాడు. మొదటి రాత్రి "యాడీ, యాడీ" అని ఏడ్చాడు. లంబాడీలో యాడీ అంటే అమ్మ. మేమంతా నవ్వాం. తర్వాత వాడు ఆ మాట మా ముందు ఎప్పుడూ అనలేదు. ఏ వార్డెనూ బెత్తం పట్టలేదు. ఆ పని మా నవ్వే చేసింది.

మనల్ని ఎవరూ బలవంతంగా తేలేదు. మన అమ్మానాన్నలు కూలికి పోతూ, మనమైనా చదువుకోవాలని పంపారు. అందుకే ఈ సంవత్సరం చేరిన చెంచు, లంబాడీ, ఎరుకల పిల్లలను వారి భాషలో నాలుగు మాటలు నేర్పమని అడగండి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మతో అమ్మ మాటలోనే మాట్లాడండి.

ఆలోచించండి

1. కామ్లూప్స్ బడికీ మార్లవాయి బడికీ ముఖ్యమైన తేడా ఏమిటి?
2. మీ గదిలో ఎన్ని ఇంటి భాషలున్నాయి?
3. ఎవరి మాట విని మీరు నవ్వారు?