పోటీ పరీక్షల ప్రత్యేకం: పర్సిమన్ వడలు తెగులు

తెలుగు ప్రాంతాల అడవుల్లో బీడీ ఆకునిచ్చే తునికి చెట్టు ఏ ప్రజాతికి చెందిందో ఆ డయోస్పైరోస్ ప్రజాతిలోనిదే అమెరికా పర్సిమన్ వృక్షం. దానిని సమూలంగా చంపే అక్రిమోనియం డయోస్పైరి అనే శిలీంధ్రం, అంటే బూజు జాతి సూక్ష్మజీవి, ఆ దేశపు టెనెసీ రాష్ట్రంలో 1930లలో గుర్తింపు పొందింది. తెగులు సోకిన చెట్టులో పై కొమ్మల ఆకులు హఠాత్తుగా వడలి రాలడం తొలి లక్షణం కాగా, నీటిఎద్దడి వల్లా ఆకులు వడలుతాయి కనుక నిర్ధారణకు కాండాన్ని కోసి చూడడమే నమ్మదగిన పద్ధతి. నీటిని పైకి మోసే దారువు వెలుపలి వలయాల్లో సన్నని గోధుమ, నల్లని చారలు కనిపిస్తాయి. చెట్టు చచ్చాక బెరడు కింద నారింజ ఛాయ కలిసిన గులాబీ రంగు సిద్ధబీజాల, అంటే శిలీంధ్ర వ్యాప్తికి తోడ్పడే సూక్ష్మ కణాల, రాశి ఏర్పడి, గాలి, కీటకాల ద్వారా ఇతర చెట్ల గాయాల్లోకి చేరుతుంది.

ఈ తెగులుకు మందు లేదు. సోకిన చెట్టును నరికి కాల్చడం, మిగిలిన వాటికి గాయాలు కాకుండా చూడడం మాత్రమే మార్గాలు. ఆసియా పర్సిమన్ దీనిని తట్టుకోగలిగినా, అమెరికా జాతి వేరుమూలంపై, అనగా అంటుకు ఆధారమైన మొక్కపై, కట్టినప్పుడు ఆ రక్షణ నమ్మదగినది కాదు. విశేషమేమంటే, పచ్చికబయళ్లలో కలుపుగా పెరిగే పర్సిమన్ మొక్కలను తొలగించడానికి ఓక్లహామా రాష్ట్రంలో ఇదే శిలీంధ్రాన్ని జీవ కలుపునాశినిగా వాడారు.