రోజుకొక రూపాయి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సాగించిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. సారాకు పోయే సొమ్ము ఇంట నిలవడంతో ఆ జిల్లాలో ‘పొదుపులక్ష్మి’ సంఘాలు వెలిశాయి. నియమం సులభం: సభ్యురాలు రోజుకొక రూపాయి దాచాలి.

ఇంత స్వల్ప మొత్తం అప్పును తీర్చగలదా? నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 5,000 రూపాయలపై ఏడాదికి 1,800 రూపాయలు వడ్డీకే పోతాయి; అసలు తరగదు. పదిహేనుమంది రోజుకొక రూపాయి దాచితే ఏడాదికి 5,475 రూపాయలు సమకూరుతాయి. అందులోనుంచి ఒకరికి నూటికి రూపాయి వడ్డీపై 5,000 ఇస్తే షావుకారు బాకీ తీరుతుంది. ఆపై ఏడాది వడ్డీ 600 రూపాయలే. అదీ సంఘానికే చేరుతుంది.

కాబట్టి ముందు దాచి, మిగిలినదే ఖర్చు చేయాలి. ఖర్చులను ఏరోజుకారోజు వ్రాసుకోవాలి. అధిక వడ్డీ అప్పును మొదట తీర్చాలి.