అంకెలు లేని గడియారం

ఉద్దేశం: వస్తువు అందానికీ, దానిలోని పనితనానికీ గల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించటం.

కాలాన్ని తెలిపేది గడియారం. మరి, ముఖం మీద ఒక్క అంకె కూడా లేని గడియారాన్ని ఏమనాలి? 1987లో ఫ్రాన్సు దేశపు వస్త్రాలంకరణ సంస్థ షనెల్ అటువంటి చేతి గడియారాన్నే రూపొందించింది. దాని పేరు 'ప్రిమియేర్', అంటే 'మొదటిది'.

సంస్థను స్థాపించిన గాబ్రియేల్ షనెల్ 1910లో పారిస్ నగరంలో టోపీల దుకాణం తెరిచింది. తరువాత స్త్రీల దుస్తులకు సరళతను, ధరించినవారి కదలికకు స్వేచ్ఛను సమకూర్చి ఖ్యాతి గడించింది. 1971లో ఆమె మరణించేనాటికి ఆ సంస్థ గడియారాలు తయారుచేయలేదు. బట్టలు కుట్టే సంస్థ కాలాన్ని కొలిచే పనికి ఎందుకు పూనుకొన్నది?

అందుకు అనుకూలమైన పరిస్థితి అంతకుముందే ఏర్పడింది. 1969లో జపాను దేశపు సైకో సంస్థ తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విక్రయించింది. విద్యుత్తు సోకితే స్ఫటికం క్రమం తప్పక కంపిస్తుంది. నేటి క్వార్ట్జ్ గడియారాలలో అది సాధారణంగా సెకనుకు 32,768 సార్లు. క్రమంగా ధరలు తగ్గి, కచ్చితమైన గడియారం సామాన్యునికీ అందింది. సామాన్యునికిది వరమైతే స్విట్జర్లాండు పనివారికి శాపమయింది. 1970లో ఆ దేశపు గడియార పరిశ్రమలో సుమారు 90 వేలమంది ఉండగా, 1980ల మధ్యకు 30 వేల పైచిలుకు మాత్రమే మిగిలారు. కచ్చితత్వం అందరి సొత్తు అయినప్పుడు గడియారాల మధ్య భేదాన్ని రూపంలో వెదకవలసి వచ్చింది.

ప్రిమియేర్ రూపశిల్పి జాక్ ఎల్యూ. దాని ఎనిమిది పలకల ఆకృతికి పారిస్‌లోని వాందోమ్ కూడలి, షనెల్ 'నంబర్ 5' సుగంధద్రవ్యపు సీసా మూత ఆధారాలు. తోలు పేనిన గొలుసుపట్టీ 1955 నాటి షనెల్ చేతిసంచిని తలపిస్తుంది. లోపలిది క్వార్ట్జ్ యంత్రమే. ముళ్ల స్థానాన్ని బట్టి వేళ తెలుస్తుంది కాబట్టి అంకెలు లేకపోవటం లోపం కాదు. అయినా ఇది గడియారమా, నగా అన్న సందేహం సహజం.

'పైన పటారం, లోన లొటారం' అని మన సామెత. ఆ మాట పడకుండా ఉండాలంటే లోపలి పని కూడా నేర్వాలి. 1993లో షనెల్ స్విట్జర్లాండులోని షాత్‌లాన్ కర్మాగారాన్ని సొంతం చేసుకొన్నది. 2000లో నల్లని సిరామిక్‌తో 'జె12' గడియారాన్ని వెలువరించింది. గీతలు సులభంగా పడని గట్టి పదార్థమది. 2019లో జె12కు కొత్త యంత్రాన్ని అమర్చింది. తనకు భాగస్వామ్యం ఉన్న కెనిస్సి సంస్థ దానిని తయారుచేసింది. పూర్తిగా చుట్టుకొన్నాక అది సుమారు 70 గంటలు నడుస్తుంది. గడియారం వెనుకవైపు పారదర్శకంగా ఉండటం వలన ఆ యంత్రం కనబడుతుంది.

ధరించినప్పుడు ఆ వెనుకవైపు మణికట్టుకు ఆని మరుగున పడుతుంది. అయినా అక్కడ శ్రద్ధ చూపటంలోనే పనివాని గౌరవమున్నది. రూపం కంటిని ఆకర్షిస్తుంది. నమ్మకాన్ని నిలిపేది మాత్రం లోపలి పనితనమే.

ప్రశ్నలు
1. క్వార్ట్జ్ గడియారం రాక వలన కలిగిన మేలు, కీడులను వివరించండి.
2. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెతను పాఠం ఆధారంగా సమన్వయించండి.