అడుగు తిప్పి చూడండి

ప్రశ్న: మా అత్తగారి పెట్టెలో నీలం, ఎరుపు, బంగారు పూల జపాన్ పింగాణీ పళ్లెం దొరికింది. పాతదేనా?

జవాబు: మీరు చెప్పిన రంగుల్ని బట్టి ఇమారి రకంలా ఉంది. తయారయ్యేది క్యుషు దీవిలోని అరితలో. ఓడ ఎక్కేది ఇమారి రేవులో. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇలాంటివి ఐరోపాకు తరలించారు. నీలం మెరుగుపూత కింద ఉంటుంది కాబట్టి చెరగదు. ఎరుపు, బంగారం పూతమీద వేసి తక్కువ వేడిలో మళ్లీ కాల్చినవి. వేలికి తగులుతాయి, వాడకంలో అరుగుతాయి. బంగారం కొత్తగా మిలమిలలాడుతుంటే నేనైతే అనుమానిస్తాను. అడుగున చిన్న చుక్కల్లాంటి మచ్చలుంటే మంచిదే, అవి బట్టీలో ఆనించిన మట్టిమేకుల గుర్తులు. ‘జపాన్’ అని ఇంగ్లీషు ముద్ర ఉందా? దాదాపుగా 1891 తర్వాతి ఎగుమతి సరుకే. చింతపండు పెట్టి మాత్రం తోమకండి.